అచ్చోసిన ఆఁబోతు

బడిలో పాఠాలు చెప్పిన ముప్పయ్యేళ్లలో నేను పిల్లలను కొట్టింది తక్కువ, తిట్టింది ఎక్కువ. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరి ఉన్నత పాఠశాలలో పనిచేస్తున్నప్పుడు, తరగతి ఎగ్గొట్టి మిరప కళ్లాల వెంట తిరుగుతున్న ఒక కుర్రవాణ్ణి పట్టుకుని "అచ్చోసిన ఆఁబోతులా తిరుగుతున్నావురా" అన్నాను. మర్నాడు వాడి తండ్రి బడికి వచ్చాడు. తగాదాకేమో అనుకున్నాను. కాదు. చేతులు కట్టుకుని, "పంతులు గారూ, మావాణ్ణి ఎన్నయినా అనండి, కాదనను. ఆఁబోతును మాత్రం తిట్టు చెయ్యమాకండి. ఒక్క ఆఁబోతును ఎంచటానికి మా తాత ఎన్ని ఊళ్లు తిరిగాడో నాకు తెలుసు" అని వెళ్లిపోయాడు.

భాషాప్రవీణ చదివిన వాణ్ణి. ఆఁబోతు అనే మాటలో అరసున్న ఎందుకుందో, దాని తరువాత పోతులోని పకారం బకారమెలా అయిందో గడగడా చెప్పగలను. 'ఆ' అంటే ఆవు, పోతు అంటే మగది. వ్యుత్పత్తి అక్కడితో సరి. కాని ఆ మాటకు ముందున్న 'అచ్చోసిన' అన్న విశేషణం వెనుక ఒక నేల చరిత్ర ఉన్నదనీ, అందులో మా ఇంటి తప్పు కూడా ఒకటి ఉన్నదనీ ఆ రైతు వెళ్లిపోయాకనే నాకు తలపుకు వచ్చింది. చాలాకాలంగా రాయాలనుకుంటున్నది ఇప్పుడు రాస్తున్నాను.

అచ్చు వేయడమంటే కాల్చిన ఇనుముతో ముద్ర వేయడం. ఇంటి పెద్ద పోయిన పదకొండవనాడు వృషోత్సర్జనం చేయడం ధర్మశాస్త్రాలు చెప్పిన కర్మ. ఒక కోడెదూడను తెచ్చి, పూజించి, ఒక తొడ మీద త్రిశూలం, రెండవ తొడ మీద చక్రం ముద్రలు వేసి ఊరి మీదికి వదిలేవారు. ఆ క్షణం నుంచి అది ఎవరి సొత్తూ కాదు. దానికి కాడి కట్టరాదు, అమ్మరాదు, పలుపు వేయరాదు. ఎవరి జొన్నచేలో పడి మేసినా కర్ర ఎత్తరాదు. ఊళ్లో ఎదకు వచ్చిన ప్రతి ఆవుకూ అదే జత. తక్కిన కోడెలకు విత్తులు కొట్టించి సేద్యపు ఎద్దులుగా మలిచేవారు. అంటే ఊరి మందలో వచ్చే తరమంతా ఆ ఒక్క ఎంపిక మీద ఆధారపడి ఉంటుంది. పోయినవారికి పుణ్యమో కాదో నేను చెప్పలేను గాని, ఉన్నవారి గోవులకు అది వంశ నిర్ణయం.

ఈ సంగతిని మనవాళ్లకంటె బయటివారే బాగా గమనించారు. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ 1953లో ప్రచురించిన, జోషి, ఫిలిప్స్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు భారత, పాకిస్తాన్ పశుజాతుల మీద రాసిన గ్రంథంలో ఒంగోలు జాతి ప్రకరణం చూడండి. ఈ ప్రాంతంలో సంపన్నులు పెద్దల జ్ఞాపకార్థం ఆఁబోతులను వదిలే ఆచారాన్ని వారు ప్రత్యేకంగా పేర్కొన్నారు. దేశంలో చాలాచోట్ల ఈ కర్మకు చవకలో దొరికిన బక్క దూడను వదిలి చేతులు దులుపుకొనేవారు. ఇక్కడ అలా కాదు. గుండ్లకమ్మకు అటూ ఇటూ ఉన్న ఊళ్లలో, ఒంగోలు, అద్దంకి, కందుకూరు, బాపట్ల, నరసరావుపేట, వినుకొండ ప్రాంతాలలో, ఊరి పెద్దలు నలుగురు కలిసి వెళ్లి ఎంచేవారు. ఖర్చు ఒక ఇంటిదే, కాని ఎంపిక ఊరిది. రేగడి తడిసి బంకలాగా పట్టినప్పుడు నాగలి లాగవలసినవాడికి తన ఎద్దు ఎవరి సంతానమో తెలియకపోతే కుదరదు.

ఎంపికలో వారు చూసేవి ఏమిటి? పుస్తకాలు చెప్పేవి వేరు, పొలం చెప్పేవి వేరు. వరాహమిహిరుడి బృహత్సంహితలో గోలక్షణాల అధ్యాయం ఒకటుంది. నీరు కారే కళ్లు, గరుకు చూపు, ఎలుక కళ్లు ఉన్న గోవులు మంచివి కావంటాడు. కళ్లు చూడమన్న మాట పొలానికి కూడా సరిపోతుంది. వృషోత్సర్జనానికి శ్రేష్ఠమని పురాణాలు చెప్పే నీలవృషం సంగతి మాత్రం చిత్రమైనది. పేరు నీలమే గాని రంగు నీలం కాదు. ఒళ్లు ఎరుపు, ముఖమూ తోకా తెలుపు, గిట్టలూ కొమ్ములూ తెలుపు అయితే అది నీలవృషం. కొడుకులలో ఒక్కడైనా గయకు వెళ్లాలి, లేదా నీలవృషాన్ని వదలాలి అని శాస్త్రం ఆశపెట్టింది. ఒంగోలు రైతు దగ్గరికి ఆ నీలవృషాన్ని తీసుకువెళితే అరనిమిషంలో వెనక్కి పంపుతాడు. ఒంటి మీద ఎర్రమచ్చ, తోకకు తెల్లకుచ్చు, తెల్లగిట్ట, ఈ మూడూ అతని లెక్కలో తోసివేయవలసిన దోషాలు.

ఒంగోలు జాతి తెల్లనిదే. అయితే ఆ తెలుపుకు అంచులన్నీ నల్లగా ఉండాలి. ముట్టె నలుపు, కనురెప్పల వెంట్రుకలు నలుపు, కన్ను చుట్టూ కాటుక పెట్టినట్టు నల్లని వలయం, గిట్టలు నలుపు, తోక కుచ్చు నలుపు, మోకాళ్ల దగ్గరా గిట్టల పైనా నల్లని మరకలు. ఈడు వచ్చిన ఆఁబోతుకు తలా మెడా మూపురమూ ముదురు బూడిద రంగుకు తిరగాలి. ఆ బూడిద రంగు వెనుక భాగానికి పాకితే మళ్లీ దోషం. కొమ్ములు పొట్టిగా, మొదట్లో లావుగా ఉండాలి. గంగడోలు మడతలు మడతలుగా విసనకర్రలాగా బొడ్డుదాకా జారాలి. ఒడలు పొడుగు, మెడ పొట్టి, నడక తేలిక.

ఇది అందం కోసమని నేను చిన్నప్పుడు అనుకునేవాణ్ణి. తెల్లని వెంట్రుక ఎండను తిప్పికొడుతుంది. దాని కింది నల్లని చర్మం, దూరివచ్చిన ఎండకు కాలకుండా కాపాడుతుంది. వైశాఖంలో రేగడి నెర్రెలు విచ్చే నేలలో రెండూ కలిసి ఉంటేనే పశువు నిలుస్తుంది. ముట్టె గులాబీరంగుగా ఉందంటే, రెప్పలు తెల్లబడ్డాయంటే, ఆ నలుపు చర్మంలోనే తగ్గిందన్న సూచన. రైతు రంగు చూసేది రంగు కోసం కాదు.

ఇప్పుడు మా ఇంటి సంగతి. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడింది. దానికి ప్రకాశం పేరు రెండేళ్ల తరువాత వచ్చింది. ఊరంతా కొత్త జిల్లా కబుర్లలో ఉండగానే మా తాతగారు పోయారు. నాకు పదేళ్లు. ఆఁబోతును వదలాలని నాయనమ్మ పట్టుపట్టింది. పదకొండవనాటికి దూడ కావాలి. వ్యవధి లేదు.

రెండు దూడలు చూశారు. ఒకటి పక్క ఊరి మోతుబరి ఇంటిది. రెండేళ్ల కోడె, పాలమీగడలాగా తెలుపు. ఎక్కడా మచ్చలేదు, మసకలేదు. కార్తీకమాసంలో గుడిముందు కూర్చోబెడితే నందీశ్వరుడే అన్నట్టుండేది. రెండవది మా ఊరి చివర ఉన్న ఒక చిన్నరైతు ఇంటిది. కొంచెం బిగువుగా, మెడ మీద అప్పుడే బూడిదజీర దిగుతూ, నాయనమ్మ మాటలో 'మసిగుడ్డ తుడిచినట్టు' ఉండేది.

పశువుల సంగతి తెలిసిన ముసలి రైతు ఒకరు నాన్నకు వరసకు పెదనాన్న. ఆయన తెల్లకోడె చుట్టూ ఒకసారి తిరిగి, దాని ముట్టె పట్టుకుని ఎండలోకి తిప్పి, "అబ్బాయ్, తెలుపు బొచ్చులో ఉండాల, తోల్లో కాదు" అన్నారు. ముట్టె మీద అణా కాసంత గులాబీమచ్చ. ఎడమకంటి రెప్పకు నాలుగు తెల్లవెంట్రుకలు. అంతే. ఆ తరువాత ఆయన దూడను వదిలేసి, దాని తల్లిని చూపించమన్నారు. ఈ తల్లి ఎన్ని ఈతలు ఈనింది, ఈతకూ ఈతకూ ఎడమెంత, చేపి పాలిస్తుందా తన్నుతుందా, దీని అన్నలు ఎవరి దొడ్లో దున్నుతున్నారు అని అడగసాగారు. మోతుబరి ఇంటి పాలేరుకు అవేమీ తెలియవు. చిన్నరైతు ఇంట్లో మాత్రం ఆయన అడగకముందే ఆ ఇంటి ఇల్లాలు మూడు తరాల ఆవుల పేర్లు చెప్పింది. దూడ అమ్మమ్మ ఏ సంవత్సరం ఏ వానలో ఈనిందో కూడా చెప్పింది.

ఈ ప్రశ్నల విలువ నాకు పెద్దయ్యాక లెక్క వేసుకుంటే తెలిసింది. కోడెను రెండేళ్ల ఈడున ఎంచుతారు. మూడేళ్లకు అది పనికి వస్తుంది. ఆవు చూలు తొమ్మిది నెలల పైమాట. పుట్టిన పెయ్య ఎదిగి, తాను ఈని, పాలెన్ని ఇస్తుందో తెలిసేసరికి మరొక నాలుగేళ్లు. అంటే ఆఁబోతు మంచిదో కాదో తేలేనాటికి అది దాదాపు తన పని పూర్తిచేసి ఉంటుంది. దూడను చూసి దూడను ఎంచడం, గింజను చూసి చెట్టును ఎంచడం లాంటిది. తెలుసుకోగల సాక్ష్యం ఒక్కటే, వెనకటి తరం. ఆ సాక్ష్యం అప్పట్లో కాగితాల మీద లేదు, ఇల్లాళ్ల నోళ్లలో ఉండేది.

పురోహితులు సాత్వికులు. "నీలవృషం ఎలాగూ దొరకదు. అంగవైకల్యం లేనిది ఏదయినా సరే" అన్నారు. నాన్నకు పెదనాన్న మాట నిజమని తెలుసు. నాయనమ్మ ఒక్కటే అన్నది: "మీ నాన్న పేరున, ఊరి చివరింటి దూడనా?" దూడ ధర కూడా దానికి నామోషీ అయింది. తక్కువకు వస్తున్నదని. తల్లి దుఃఖంలో ఉన్నప్పుడు ఆమెతో వాదించడం నాన్నకు చేతకాలేదు. తెల్లకోడె వచ్చింది. కమ్మరి అచ్చులు కాల్చి ఇచ్చాడు. కాలిన వెంట్రుకల వాసన, కోడె అరుపు, నేను నాన్న పంచె పట్టుకుని కళ్లు మూసుకోవడం, ఇవి నాకు బాగా గుర్తు.

ఆ రోజున పెదనాన్న మరొక మాట కూడా అన్నారు. "పొరుగు దేశంవాడు ఓడ వేసుకొచ్చి తల్లిని అడిగి కొనుక్కుపోతన్నాడు, మనకేమో రంగు చాలు." ఆ ఓడ కథ ఇక్కడ చెప్పక తప్పదు.

మన పశువులు సముద్రం దాటడం 19వ శతాబ్దిలోనే మొదలయింది. ఒంగోలు అప్పుడు నెల్లూరు జిల్లాలో ఉండేది. గుంటూరు జిల్లా ఏర్పడి అందులో కలిసింది 1904లో. అందుకే బ్రెజిల్‌లో ఈ జాతికి 'నెలోర్' అన్న పేరు స్థిరపడింది. 1868లో ఇంగ్లండుకు పోతున్న ఓడ ఒకటి బ్రెజిల్‌లోని సాల్వడార్ రేవులో ఆగినప్పుడు అందులోని ఒంగోలు జంట అక్కడే అమ్ముడుపోయిందని వారి చరిత్ర చెప్పుకుంటుంది. పదేళ్ల తరువాత 1878లో మనోయెల్ లెంగ్రూబెర్ అనే రియో పశుపోషకుడు జర్మనీలోని హాంబర్గ్ జంతుప్రదర్శనశాలలో ఈ జాతిని చూసి మనసుపడి తెప్పించుకున్నాడు. 20వ శతాబ్ది తొలి దశకాల్లో డచ్చివారు జావాకు తీసుకువెళ్లి, సుంబా అనే దీవిని కేవలం ఒంగోలు శుద్ధజాతి పెంపకానికి కేటాయించారు. ఒక జాతి కోసం ఒక దీవి! మనం ఒక బీడును కూడా మిగల్చలేదు.

బ్రెజిల్‌వారు 1938లో వంశావళి పుస్తకం తెరిచారు. ఏ దూడ ఏ తల్లికి, ఏ తండ్రికి పుట్టిందో అందులో ఎక్కవలసిందే. మా నాయనమ్మ కాలంలో ఇల్లాలి నోట ఉన్న జ్ఞానం అక్కడ అక్షరమయింది. 1960 దశకం తొలి సంవత్సరాలలో వారి ఆసాములు స్వయంగా మన పల్లెలకు వచ్చి ఎంచుకున్నారు. ఎంచుకున్న పశువులను ఓడలో తీసుకుపోయి, నేరుగా దేశంలోకి దించకుండా, అట్లాంటిక్ సముద్రం మధ్య ఫెర్నాండో ద నొరోన్యా అనే దీవిలో జబ్బులు లేవని తేలేదాకా నిలిపి ఉంచారు. అలా వెళ్లినవాటిలో ఒంగోలు దగ్గరి కరవది ఊరి పేరు మోసిన 'కర్వాడి', 'గోదావరి', 'తాజ్‌మహల్' వంటివి ఉన్నాయి. కర్వాడి సంతతి ఈనాడు అక్కడి నెలోర్ మందలలో ఎంతగా వ్యాపించిందంటే, అక్కడి శాస్త్రజ్ఞులకు అదే ఒక ఆందోళన. కొద్దిపాటి ఆఁబోతుల రక్తం కోట్ల పశువులలోకి పోయింది. ఎంత మేలైనదైనా ఒక్కదాన్నే పట్టుకుంటే దగ్గరి రక్తాల కలయిక తప్పదు. మన పెద్దలు మూడు నాలుగేళ్లకొకసారి ఆఁబోతును మార్చాలనీ, కూతుళ్ల మీదికి తండ్రిని పోనీయరాదనీ అన్నది ఈ భయంతోనే.

ఇంకొక తేడా కూడా చెప్పాలి. వారు ఎంచింది మాంసానికి, మనం ఎంచింది కాడికి. ఒకే తల్లి బిడ్డలు రెండు దేశాల్లో రెండు జాతులుగా మారుతున్నారు. 2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే నెలోర్ ఆవులో మూడోవంతు వాటా వేలానికి వచ్చినప్పుడు, ఆ ధర ప్రకారం ఆవు మొత్తం విలువ 2 కోట్ల 10 లక్షల రియాళ్లని లెక్కకట్టారు. ప్రపంచంలోకెల్లా ఖరీదైన ఆవు అని గిన్నిస్ పుస్తకానికి ఎక్కింది. మన పత్రికలన్నీ 'ఒంగోలు ఆవు' అని పొంగిపోయి రాశాయి. దాని బరువు 1,100 కిలోలు! ఆ ఒంటితో మా రేగడిలో మధ్యాహ్నందాకా నడవగలదా అని నా సందేహం. పొంగిపోవడానికి మనం చేసిందేమిటన్నది మరొక సందేహం.

అసలు ఏమీ చేయలేదనడం కూడా అన్యాయమే. గుంటూరు దగ్గర లాం ఫారంలో, ప్రకాశం జిల్లా చదలవాడలో, నెల్లూరు జిల్లా చింతలదేవిలో ప్రభుత్వ క్షేత్రాలున్నాయి. లాంలో పిండమార్పిడి పద్ధతిన ఒంగోలు దూడలను పుట్టించారు కూడా. ఇక తిరునాళ్లలో బండలాగుడు పందేలు, ఎవరు ఏమన్నా, జాతిని కొంత నిలబెట్టాయి. రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు అని ఈడును బట్టి విభాగాలు పెట్టి ఆడే ఆ పందేల కోసమే లక్షలు పోసి గిత్తలను పోషించేవారున్నారు. ప్రత్తిగింజలు రుబ్బి, ఉలవలు ఉడకబెట్టి, పిల్లిపెసర మేపి సాకుతారు. అయితే పందెగాడు బలాన్ని ఎంచుతాడు. తల్లి పాలను అడిగేవాడు అక్కడ తక్కువ. ఊరికి ఒక్క ఆఁబోతు, దాన్ని ఎంచడానికి నలుగురు పెద్దలు అన్న ఏర్పాటు ట్రాక్టరూ జెర్సీ సూదీ వచ్చాక ఎవరూ వద్దనకుండానే పోయింది. విశేషణం మాత్రం మా బళ్లలో తిట్టుగా మిగిలింది.

మా తెల్ల ఆఁబోతు ఊళ్లో తిరిగింది. చూసినవారందరూ దండం పెట్టేవారు. 1972లో మొదటి దూడలు పుట్టాయి. కొన్నిటికి ముట్టె మీద తండ్రి మచ్చే మరింత పెద్దదై వచ్చింది. రెండింటికి తోక కుచ్చు చివర తెల్లబడింది. ఎండాకాలం వాటి కళ్లు నీరు కారేవి, మధ్యాహ్నానికే నీడ వెతుక్కునేవి. నోరు తెరిచి ఎవరూ మమ్మల్ని ఏమీ అనలేదు. అచ్చు పడినదాన్ని అమ్మడానికి లేదు, కట్టేయడానికి లేదు. తాతగారి పేరు దాని తొడ మీద ఉంది. రైతులు ఎదకు వచ్చిన ఆవును పొద్దుగూకాక తోలుకుని, మా ఇంటి ముందు నుంచి కాక చెరువు కట్ట మీదుగా, పక్క ఊరి ఆఁబోతు దగ్గరికి పోయేవారు. నాన్న నొచ్చుకుంటారని ఆ చాటు. ఈ సంగతి నాన్నకు ఏడాది తరువాత తెలిసింది. ఒకనాడు మా కపిలావు ఎదకు వస్తే, పట్టపగలు, ఊరి నడివీధిలోంచి, అందరూ చూస్తుండగా ఆయన దాన్ని పక్క ఊరికి తోలుకుపోయారు. నాయనమ్మ అరుగు మీద కూర్చుని చూసింది. ఏమీ అనలేదు.

మేము వద్దన్న రెండవ దూడకు ఆ ఏడాదే విత్తులు కొట్టించారు. చిన్నరైతుకు సేద్యానికి ఎద్దు కావాలి, ఇంకేం చేస్తాడు? నాలుగేళ్ల తరువాత అతనికి అప్పు ఒత్తిడి వస్తే నాన్నే దాన్ని కొన్నారు. అప్పుడు బేరమాడలేదు. పన్నెండేళ్లు అది మా చేనులో ప్రత్తికి, మిరపకు దుక్కి దున్నింది. తొలకరి రేగడిలో జోడు ఎద్దు మోకాలు వంచినా అది వంచేది కాదు. మధ్యాహ్నం కాడి దింపాక నాన్న మొదట దానికే నీళ్లు పెట్టేవారు. అది కుడితితొట్టిలోంచి తల ఎత్తినప్పుడు, నీళ్లు కారుతున్న ఆ నల్లటి ముట్టెను కండువాతో తుడిచి, కాసేపు అలాగే పట్టుకుని నిలబడేవారు.